అడగని సరుకుకు బిల్లు

కొనేవాడు అడగకుండానే వస్తువు పంపి, ఆనక ఖరీదు కట్టమని బిల్లు పెట్టడం, లేదా గుమ్మంలోనే డబ్బు వసూలు చేసుకుపోవడం వ్యాపార మోసాల్లో ఒక పాత రకం. బ్రిటన్, ఐరోపాల్లో దీన్ని ‘ఇనర్షియా సెల్లింగ్’ అంటారు. అమెరికా చట్టంలో ‘అనార్డర్డ్ మర్చండైజ్’ అని ఉంటుంది. తపాలా వచ్చినప్పుడు తపాలాలో, టెలిఫోను వచ్చాక టెలిఫోనులో, ఇంటర్నెట్ వచ్చాక అందులో ఈ మోసం నడుస్తూనే ఉంది. వస్తువు నిజంగానే చేతికి వస్తుంది, బిల్లు మీద మన పేరే ఉంటుంది. ఇంట్లో ఎవరో తెప్పించే ఉంటారు, ఆఫీసులో ఎవరో చెప్పే ఉంటారు అనుకుని డబ్బు కట్టేస్తారు. పార్సిల్ అందుకునే మనిషి ఒకరు, ఆర్డరు పెట్టే మనిషి ఇంకొకరు అయిన ప్రతిచోటా ఈ ఎత్తు పారుతుంది. అలా కాని ఇల్లు, అలా కాని ఆఫీసు ఎక్కడోగాని ఉండవు.

మౌనం, అంగీకారం

మౌనం అర్ధాంగీకారం అనడం మనకు అలవాటు. కాంట్రాక్టు చట్టం ఆ సగం కూడా ఒప్పుకోదు. ఇంగ్లండులో 1862లో తీర్పు వచ్చిన ఫెల్ట్‌హౌస్ వర్సెస్ బిండ్లీ కేసును లా విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. పాల్ ఫెల్ట్‌హౌస్ అనే ఆయన తన అన్నదమ్ముల కొడుకు దగ్గరున్న గుర్రాన్ని కొనాలనుకున్నాడు. ధర దగ్గర చిన్న తేడా వచ్చింది. ఆ తేడాను సగానికి సగం సర్ది, 30 పౌండ్ల 15 షిల్లింగులు ఇస్తాననీ, నీ దగ్గర్నుంచి ఇంకే కబురూ రాకపోతే గుర్రం నాదే అనుకుంటాననీ ఉత్తరం రాశాడు. కుర్రవాడు జవాబు రాయలేదు. తర్వాత వేలం వేసే బిండ్లీ పొరపాటున ఆ గుర్రాన్ని వేరెవరికో అమ్మేశాడు. పెద్దాయన బిండ్లీ మీద దావా వేసి ఓడిపోయాడు. అవతలివాడు నోరు విప్పి ఒప్పుకోనిదే బేరం కుదిరినట్టు కాదని కోర్టు తేల్చింది. ‘పది రోజుల్లో తిప్పి పంపకపోతే కొన్నట్టే’ అని చీటీ పెట్టి సరుకు పంపేవాడికి ఇదే జవాబు.

అయితే బేరం కుదరలేదన్నంత మాత్రాన తలనొప్పి తీరదు. వస్తువు ఇంట్లో ఉంది. అది ఎవరిది? పాత ఇంగ్లీషు న్యాయం ప్రకారం పంపినవాడిదే. అందుకున్నవాడు కోరకుండానే దానికి కాపలాదారు అవుతాడు. కావాలని పాడుచేయకూడదు, వాడుకోకూడదు. వాడితే కొన్నట్టే లెక్క అనే వాదన సిద్ధంగా ఉంటుంది. మోసగాడు పట్టుకుని వేలాడేది ఈ మెలిక మీదే. పుస్తకం తిరగేశారు కదా, డబ్బా మూత తీశారు కదా, ఇంక కట్టండి అంటాడు. కోర్టుకు వెళ్లే ఉద్దేశం అతనికి ఎన్నడూ ఉండదు, భయపెట్టే ఉత్తరాలు వరసగా పంపడమే అతని పని.

1970

ఈ మెలికను తెగగొట్టిన చట్టాల్లో ప్రసిద్ధమైనది అమెరికాది. 1970 ఆగస్టు 12న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన పోస్టల్ రీఆర్గనైజేషన్ చట్టం తపాలా శాఖ స్వరూపాన్నే మార్చిన పెద్ద చట్టం. దానిలో ఒక మూల ఇమిడి ఉన్న నిబంధన ఇప్పుడు అమెరికా చట్టాల సంపుటంలో 39వ టైటిల్, 3009వ సెక్షన్. ముందుగా కోరిక గానీ, స్పష్టమైన సమ్మతి గానీ లేకుండా తపాలాలో పంపిన సరుకును అందుకున్నవారు కానుకగా భావించవచ్చు. ఉంచుకోవచ్చు, వాడుకోవచ్చు, పారేయవచ్చు. పంపినవారికి ఏ బాకీ ఉండదు. దానికి బిల్లు పంపినా, వసూలు ఉత్తరాలు రాసినా అదే ఒక అన్యాయమైన వ్యాపార పద్ధతి కింద లెక్క, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (ఎఫ్‌టీసీ) చర్య తీసుకుంటుంది. మినహాయింపులు రెండే: ఉచిత శాంపిల్ అని స్పష్టంగా ముద్రించినవి, విరాళాలు కోరుతూ ధర్మసంస్థలు పంపేవి. అమెరికాలో కాపురం పెట్టిన కొత్తలో తెలుగువాళ్ల ఇళ్లకు కూడా తమ పేరూ చిరునామా ముద్రించిన స్టిక్కర్లు, గ్రీటింగ్ కార్డులు విరాళాల కవరుతో సహా వస్తుంటాయి. ఆ రెండో మినహాయింపు కిందే అవి వస్తాయి. విరాళం ఇవ్వకపోయినా స్టిక్కర్లు వాడుకోవచ్చు, అందులో మొహమాటం అక్కర్లేదు.

అడగని సరుకు వల్ల వచ్చే చిక్కు అమెరికాకు అంతకు పన్నెండేళ్ల ముందే బాగా తెలిసింది. 1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణంలో సుమారు 60,000 మందికి వాళ్లు అడగకుండానే క్రెడిట్ కార్డులు పోస్టులో పంపింది. ఇప్పటి వీసా కార్డుకు అదే మూలం. వెనకాలే కార్డుల దొంగతనాలు, ఎగవేతలు వచ్చిపడ్డాయి. తమ చేతికే రాని కార్డుల మీద జనానికి బిల్లులు వచ్చే పరిస్థితి మిగతా బ్యాంకులూ అదే దారి పట్టాక దేశమంతా పాకింది. అడగనిదే కార్డు పంపకూడదన్న నిషేధాన్ని కాంగ్రెసు 1970 అక్టోబరులో తెచ్చింది. సరుకుకూ కార్డుకూ ఒకే ఏడాదిలో తలుపు మూసుకుంది.

బ్రిటన్ 1971లో అన్‌సొలిసిటెడ్ గూడ్స్ అండ్ సర్వీసెస్ చట్టం చేసింది గానీ, అందులో సంకోచం ఎక్కువ. సరుకు పంపినవాడు ఆరు నెలల్లోపు వచ్చి తీసుకెళ్లకపోతేనే అది అందుకున్నవారి సొంతమయ్యేది. అందుకున్నవారు ఉత్తరం రాస్తే ఆ గడువు 30 రోజులకు తగ్గేది. 2000లో దూరవిక్రయ నిబంధనలు వచ్చాక ఆ ఎదురుచూపు పోయింది, వచ్చిన రోజే కానుక. జర్మనీ అదే ఏడాది తన సివిల్ కోడ్‌లో 241ఏ సెక్షన్ చేర్చింది. ఐరోపా సమాఖ్య 2011 వినియోగదారు హక్కుల డైరెక్టివ్ 27వ ఆర్టికల్‌లో, జవాబు ఇవ్వకపోవడం సమ్మతి కాదని సూటిగా రాసింది. ఆస్ట్రేలియా మాత్రం ఇప్పటికీ పంపినవాడికి మూడు నెలల గడువు ఇస్తుంది. అందుకున్నవారు నోటీసు రాస్తే ఒక నెల. ఆ గడువులో వస్తువును కావాలని పాడుచేయకూడదు. ఒకే మోసానికి ఇన్ని రకాల గడువులు ఉండటానికి కారణం, చట్టం చేసేవాళ్ల మనసులో నిజంగా పొరపాటున పార్సిల్ పంపిన వర్తకుడు కూడా ఉండటమే. జర్మన్ చట్టం ఈ సంగతి విడిగా చెబుతుంది: సరుకు వేరొకరికి ఉద్దేశించిందని తెలిసీ, లేదా ఆర్డరు ఉందని పంపినవాడు పొరబడ్డాడని తెలిసీ ఉంచుకుంటే ఆ రక్షణ దొరకదు. పక్కింటివాళ్ల పార్సిల్ మన గుమ్మంలో దిగితే అది ఏ దేశంలోనూ కానుక కాదు.

టోనర్ బేరగాళ్లు

ఈ మోసం బాగా డబ్బు చేసుకున్నది ఇళ్లలో కాదు, చిన్న ఆఫీసుల్లో. అమెరికాలో ఈ పని చేసేవాళ్లకు ‘టోనర్ ఫోనర్స్’ అని పేరే పడింది. పద్ధతి చెప్పుకుంటే చాలా మామూలుగా ఉంటుంది. ఒక రోజు ఫోన్ వస్తుంది. రికార్డులు సరిచూస్తున్నామండీ, మీ కాపియర్ మోడల్ నంబరు ఒకసారి చెబుతారా అంటారు. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి వెళ్లి యంత్రం మీద చూసి చెబుతుంది. మీ పేరేమిటమ్మా అంటే పేరూ చెబుతుంది. అంతే కావలసింది. వారం పది రోజులకు టోనర్ కార్ట్రిడ్జ్‌లు వస్తాయి, మోడల్ సరిగ్గా సరిపోతుంది. ఇంకో వారానికి బిల్లు వస్తుంది. కావాలనే ఈ రెండూ ఒకేసారి రావు. బిల్లు చేరేసరికి పెట్టె విప్పి ఒకటి యంత్రంలో బిగించి ఉంటారు. ఆర్డరు ఇచ్చినవారు అనే చోట ఆ అమ్మాయి పేరు ఉంటుంది. ధర బయటి ధరకు ఎన్నో రెట్లు. అకౌంట్స్ వాళ్లు మనవాళ్ల పేరే కదా అని కట్టేస్తారు.

ఒకసారి కట్టినవాళ్ల పేరు జాబితాలోకి ఎక్కుతుంది. మీ ఆర్డరులో రెండో విడత మిగిలింది అంటూ ఇంకో పెట్టె వస్తుంది. మధ్యలో ఆ అమ్మాయికి ఇంటి చిరునామాకు ఒక చిన్న బహుమతి పంపుతారు. తర్వాత ఎవరైనా అడ్డం తిరిగితే, నువ్వు మా దగ్గర బహుమతి తీసుకున్న సంగతి మీ యజమానికి చెప్పమంటావా అని మెల్లగా బెదిరిస్తారు. ఈ మొత్తం వ్యవహారంలో నీచమైన భాగం ఇదే అనిపిస్తుంది. డబ్బు పోయేది సంస్థకు, పరువు పోతుందన్న భయం మాత్రం నెల జీతం మీద బతికే మనిషికి.

అమెరికా టెలిమార్కెటింగ్ నిబంధనలు చూస్తే ఈ వ్యాపారం ఎంత పెరిగిందో తెలుస్తుంది. 1995 నాటి టెలిమార్కెటింగ్ సేల్స్ రూల్ మొదట్లో మామూలుగా ఒక వ్యాపార సంస్థ ఇంకో సంస్థకు చేసే ఫోన్లకు వర్తించేది కాదు. దానికి ఒక్క మినహాయింపు పెట్టారు: ఆఫీసు, క్లీనింగ్ సామగ్రిలో వాడితే అయిపోయే సరుకు. కాగితం, టోనర్, ఫినాయిల్ వంటివి అమ్మే ఫోన్లకు మాత్రం రూల్ అప్పుడే వర్తించింది. 2014లో ఎఫ్‌టీసీ మేరీలాండ్ కేంద్రంగా నడిచిన ఒక ముఠాను కోర్టుకు లాగింది. వాళ్ల సరుకు లైట్ బల్బులు, క్లీనింగ్ సామాన్లు. బాధితుల్లో చిన్న వ్యాపారాలతో పాటు లాభాపేక్ష లేని సంస్థలూ ఉన్నాయి. చర్చిలు, బడులు, సేవాసంఘాలు ఇలాంటి మోసగాళ్లకు ఇష్టం. అక్కడ వాలంటీర్లు మారుతుంటారు, నిన్న ఎవరు ఏం తెప్పించారో ఈరోజు ఉన్నవారికి తెలియదు. విదేశాల్లో తెలుగువాళ్లు నడిపే గుళ్లకు, సంఘాలకు, మోటెళ్లకు, గ్యాస్ స్టేషన్లకు ఈ బలహీనతే ఉంటుంది.

దీనికి పక్కనే ఇంకో పాయ ఉంది. సరుకు కూడా పంపకుండా ఉత్త బిల్లు పంపడం. డైరెక్టరీలో మీ పేరు వేశాం, వెబ్‌సైట్ పేరు రెన్యువల్ చేశాం అని. బిల్లులా కనిపించే అమ్మకపు ఉత్తరం మీద, ఇది బిల్లు కాదు, కట్టాల్సిన అవసరం లేదు అనే హెచ్చరిక కొట్టొచ్చినట్టు ముద్రించాలని అమెరికా తపాలా చట్టం 3001వ సెక్షన్ చెబుతుంది. ఉత్త బిల్లుకు పెద్ద కంపెనీలైనా లొంగుతాయనడానికి లిథువేనియాకు చెందిన ఎవాల్దాస్ రిమసౌస్కస్ కేసు సాక్ష్యం. అసలైన తైవాన్ సరఫరాదారు పేరుతో దొంగ కంపెనీ పెట్టి, గూగుల్, ఫేస్‌బుక్‌ల నుంచి 12 కోట్ల డాలర్లకు పైగా రాబట్టాడు. 2019లో న్యూయార్క్ కోర్టు అతనికి ఐదేళ్ల జైలుశిక్ష వేసింది.

వీటన్నిటికీ ఆఫీసుల్లో మందు ఒకటే, అది కొత్తదీ కాదు: పర్చేజ్ ఆర్డరు నంబరు లేని బిల్లును చెల్లింపుకు పంపకపోవడం, ఆర్డరు కాగితం, సరుకు అందిన రసీదు, బిల్లు మూడూ పక్కపక్కన పెట్టి చూడటం. కొనుగోలు మాట మాట్లాడే అధికారం ఎవరికి ఉందో ఫోన్ ఎత్తే ప్రతివారికీ తెలిసి ఉండాలి. ఐదుగురు పనిచేసే చోట ఇంత తతంగం ఎందుకనుకుంటారు గానీ, దెబ్బ తగిలేది ఎక్కువగా అక్కడే.

వీపీపీ నుంచి క్యాష్ ఆన్ డెలివరీ దాకా

మన దేశంలో ఈ మోసానికి అనువైన దారి తపాలా శాఖ 1877లో మొదలుపెట్టిన వేల్యూ పేయబుల్ పోస్ట్. పోస్ట్‌మ్యాన్ వస్తువు ఇచ్చి ఖరీదు వసూలు చేసి పంపినవాడికి చేరవేస్తాడు. పుస్తకాలు, మందులు, గడియారాలు పల్లెటూళ్లకు చేరింది ఈ వీపీపీ వల్లే. దీన్ని ఎలా దుర్వినియోగం చేస్తారో ఆనాటి పాలకులు ముందే ఊహించారు. 1898 ఇండియన్ పోస్టాఫీస్ చట్టం 35వ సెక్షన్, నిజమైన ఆర్డరు మేరకే పంపుతున్నానని పంపేవాడు డిక్లరేషన్ ఇస్తేనే వీపీపీ తీసుకునేలా నియమాలు చేసే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. మోసం జరిగితే వసూలైన డబ్బును ఆపి, కట్టినవారికి తిరిగి ఇచ్చే వీలు కూడా అందులోనే ఉండేది. ఆ చట్టం స్థానంలో 2023 పోస్టాఫీస్ చట్టం వచ్చి 2024 జూన్‌లో అమల్లోకి వచ్చింది.

ఫ్లిప్‌కార్ట్ 2010లో క్యాష్ ఆన్ డెలివరీ తెచ్చాక వీపీపీ పని ప్రైవేటు కొరియర్ చేతికి వచ్చింది. ఇప్పుడు మన ఊళ్లలో కనిపించే మోసం ఇలా ఉంటుంది. మధ్యాహ్నం రెండు గంటలకు బండి ఆగుతుంది. “అమ్మా, సురేష్ గారి పేరు మీద పార్సిలండీ. క్యాష్ ఆన్ డెలివరీ, 799.” సురేష్ ఆఫీసులో ఉంటాడు, ఫోన్ ఎత్తడు. కొడుకు ఏదో తెప్పించుకున్నాడులే అనుకుని ఆవిడ పోపుల డబ్బాలోంచి తీసి ఇచ్చేస్తుంది. సాయంత్రం విప్పితే చవకబారు ఇయర్‌ఫోన్సో, పాత గుడ్డముక్కో ఉంటుంది. డబ్బు వేలల్లో ఉండదు. ఉంటే ఆవిడ ఇంకోసారి ఫోన్ చేసి అడిగేది. పేరు, చిరునామా, నంబరు మనం చింపకుండా చెత్తబుట్టలో పడేసే పాత పార్సిల్ కవర్ల మీద నుంచీ, ఎక్కడెక్కడో ఇచ్చిన వివరాలు చేతులు మారడం వల్లనూ దొరుకుతాయి. ఆ డెలివరీ బాయ్‌కి సాధారణంగా ఇందులో ఏ పాత్రా ఉండదు. అతనికి తెలిసింది లేబుల్ మీద అంకె ఒక్కటే. అతని మీద అరిచి లాభం లేదు.

వద్దు, తీసుకెళ్లు అని చెబితే అయిపోయే పని ఇది. అలా చెప్పినప్పుడు ఇంకో ఎత్తు మొదలుకావచ్చు. సరేనండీ, క్యాన్సిల్ చేస్తాను, మీకొచ్చిన ఓటీపీ చెప్పండి అంటూ కస్టమర్ కేర్ పేరుతో ఫోన్ వస్తుంది. పార్సిల్ వద్దనుకోవడానికి ఫోన్‌లో ఎవరికీ ఓటీపీ చెప్పనక్కర్లేదు. ఆ అంకెలు మన వాట్సాప్‌కో, బ్యాంకు ఖాతాకో తాళంచెవి కావచ్చు.

డబ్బు కట్టకుండా సరుకు మాత్రం ఇంట్లో ఉండిపోతే? ఇక్కడ మన చట్టం అమెరికా చట్టంలా హామీ ఇవ్వదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అడగని సరుకును కానుకగా ప్రకటించే వాక్యం లేదు. 1872 కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ ఉంది. ఉచితంగా ఇచ్చే ఉద్దేశం లేకుండా ఒకరు చట్టబద్ధంగా వస్తువు అందించి, ఇంకొకరు దాని లాభం అనుభవిస్తే, పరిహారమైనా ఇవ్వాలి, వస్తువైనా తిరిగివ్వాలి అంటుంది. పశ్చిమ బెంగాల్ వర్సెస్ బి.కె. మండల్ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను వివరిస్తూ, అందించిన వస్తువును తీసుకోనని చెప్పే, తిరిగి ఇచ్చే స్వేచ్ఛ అవతలివారికి ఉందనీ, అలా తిరస్కరిస్తే 70వ సెక్షన్ వర్తించదనీ స్పష్టం చేసింది. అందువల్ల అమెరికాలో ఉండే చెల్లెలు వాడేసుకో అక్కా, ఏం కాదు అని చెబితే గుంటూరులో ఉన్న అక్క ఆ మాట వినకపోవడం మంచిది. ఇక్కడ క్షేమమైన పద్ధతి, వస్తువును వాడకుండా పక్కన పెట్టి, ఇది నేను కోరలేదు, ఫలానా తేదీలోపు మీ ఖర్చుతో తీసుకెళ్లండి అని పంపినవారికి మెయిల్‌లోనో పోస్టులోనో తెలియజేయడం. తిప్పి పంపే కొరియర్ ఛార్జీ మన జేబులోంచి పెట్టుకోనక్కర్లేదు.

విచిత్రమేమిటంటే, ఇదే సూత్రాన్ని మన నియంత్రణ సంస్థలు ముక్కలు ముక్కలుగా ఎప్పుడో రాసేశాయి. రిజర్వు బ్యాంకు 2022 ఆదేశాల ప్రకారం అడగని క్రెడిట్ కార్డు ఇచ్చి, సమ్మతి లేకుండా యాక్టివేట్ చేసి బిల్లు వేస్తే, బ్యాంకు ఆ ఛార్జీలు వెనక్కి తీసుకోవడమే గాక వాటికి రెట్టింపు మొత్తాన్ని జరిమానాగా ఆ వ్యక్తికే చెల్లించాలి. ప్రపంచంలో ఏ దేశం పక్కన పెట్టి చూసినా తీసిపోని నిబంధన ఇది. సెల్‌ఫోన్‌లో అడగని కాలర్ ట్యూన్లకు, జ్యోతిషం మెసేజ్‌లకు బ్యాలెన్స్ కోసుకుపోయిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2013లో రెండుసార్లు సమ్మతి తీసుకోనిదే అలాంటి సేవ మొదలుపెట్టకూడదని కట్టడి చేసింది. ఆపించుకోవడానికి 155223 నంబరు వచ్చింది. 2020 ఈ-కామర్స్ నియమాలు ముందే టిక్కు పెట్టి ఉంచిన గడులను సమ్మతిగా లెక్కించకూడదన్నాయి. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ నోటిఫై చేసిన ‘డార్క్ ప్యాటర్న్స్’ మార్గదర్శకాల్లోని 13 రకాల్లో బాస్కెట్ స్నీకింగ్ ఒకటి. మనం ఎంచుకోని బీమాను, విరాళాన్ని బిల్లు కట్టే ముందు బుట్టలోకి తోసేయడం అన్నమాట. కార్డుకు, ఫోనుకు, ఆన్‌లైన్ బుట్టకు రాసిన మాట గుమ్మంలోకి వచ్చే డబ్బాకు ఇంకా రాయలేదు. నాలుగు వాక్యాల సవరణ చాలు.

బిల్లు లేని పార్సిల్

డబ్బు అడగని పార్సిల్ కూడా రావచ్చు. 2020 జులైలో అమెరికా అంతటా జనం ఇళ్లకు చైనా ముద్రలతో చిన్న కవర్లు వచ్చాయి. కొన్నిటి మీద నగలు అని రాసి ఉంది, లోపల విత్తనాలు. ఆవాలు, క్యాబేజీ, పుదీనా, మందార, గులాబీ వంటివి ఉన్నట్టు అమెరికా వ్యవసాయ శాఖ పరీక్షల్లో తేలింది. నాటవద్దు, పారేయవద్దు, మాకు అప్పగించండి అని ఊరూరా ప్రకటించారు. దీని వెనక కారణంగా ఎక్కువగా చెప్పింది ‘బ్రషింగ్’. అమ్మకందారుడు ఎవరి పేరుతోనో దొంగ ఖాతా తెరిచి, తన సరుకు తానే కొని, చౌక వస్తువేదో పంపి డెలివరీ అయినట్టు రుజువు సంపాదిస్తాడు. తర్వాత ఆ పేరుతో ఐదు చుక్కల రివ్యూ రాసుకుంటాడు. ఈమధ్య ఇలాంటి పెట్టెల్లో, పంపిందెవరో తెలియాలంటే స్కాన్ చేయండి అని క్యూఆర్ కోడ్ పెడుతున్నారని ఎఫ్‌టీసీ, ఎఫ్‌బీఐ 2025లో హెచ్చరించాయి. అమెరికాలో ఆ వస్తువు ఉంచుకున్నా పారేసినా ఫరవాలేదు (విత్తనాలైతే కాదు) గానీ కోడ్ జోలికి పోకూడదు. ఈ-కామర్స్ ఖాతా పాస్‌వర్డ్ మార్చి, ఆ సైటుకు ఫిర్యాదు చేయాలి.

వసూలు ఉత్తరాలు, ఫిర్యాదులు

బిల్లుకు జవాబు ఇవ్వకపోతే కలెక్షన్ ఏజెన్సీ పేరుతో ఎర్రసిరా ఉత్తరాలు రావడం రివాజు. అమెరికాలో సొంత అవసరాల బాకీలకు 1977 చట్టం రక్షణ ఇస్తుంది. నోటీసు అందిన 30 రోజుల్లో ఈ బాకీ నాది కాదని రాతపూర్వకంగా అడ్డం తిరిగితే, రుజువు చూపేదాకా ఏజెన్సీ వసూలు ఆపాలి. క్రెడిట్ కార్డు మీద వేసేసి ఉంటే 1974 ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం కింద, స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లో బ్యాంకుకు రాయాలి. మన దగ్గర కార్డు, యూపీఐల ద్వారా మన ప్రమేయం లేకుండా డబ్బు పోతే, మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెప్పినవారికి రిజర్వు బ్యాంకు 2017 నిబంధనలు పూర్తి రక్షణ ఇస్తాయి. ఓటీపీయో పిన్నో మనమే చెప్పి ఉంటే, చెప్పేదాకా జరిగిన నష్టం మనదే. గుమ్మంలో ఇచ్చిన నోట్లకు ఇవేవీ వర్తించవు. అందుకే మోసగాళ్లకు నగదు మీద అంత మక్కువ.

చెల్లించేసిన తర్వాత చేయగలిగింది కొంత ఉంది. కొరియర్ సంస్థకూ, ఈ-కామర్స్ సైటు పేరు లేబుల్ మీద ఉంటే ఆ సైటుకూ వెంటనే చెప్పాలి. వసూలైన నగదు పంపినవాడి ఖాతాకు చేరడానికి కొంత వ్యవధి పడుతుంది కనుక, ఆలోగా మాట చేరితే ఆపే అవకాశం ఉంటుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930, ఎంత త్వరగా చేస్తే అంత మేలు. పోలీసు ఫిర్యాదుకు పాత 420 సెక్షన్ ఇప్పుడు లేదు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో మోసం 318వ సెక్షన్ కిందికి వచ్చింది, వాడుకలో మాత్రం ఫోర్‌ట్వంటీ అలాగే ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల వరకు ఉన్న కేసులకు ఫీజు లేదు, ఫిర్యాదుదారు నివాసముండే జిల్లాలోనే వేసుకోవచ్చు, పంపినవాడు సూరత్‌లో ఉన్నా ఢిల్లీలో ఉన్నా సరే. ఎక్కడ వేసినా మొదట అడిగేది లేబుల్: పంపినవారి పేరు, ఆర్డరు ఐడీ, ఎయిర్‌వే బిల్లు నంబరు, వసూలు మొత్తం. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసుకుని, లేబుల్ చింపకుండా ఫొటో ఉంచుకున్నవారి ఫిర్యాదే ముందుకు కదులుతుంది.